సాసర్లు లోపల, కప్పులు బయట

గుట్టకిందపల్లి,
మార్చి మొదటివారం

జాయ్,

బాగున్నావా? మోకాలి నొప్పి తగ్గిందా? ఆసుపత్రి వార్డుల్లో నిలబడి నిలబడి ఆ మోకాళ్లు అరగదీసుకున్నది చాలు. ఇంకో ఏడాది ఓపిక పడితే రిటైరవుతావు.

ఫోనుండగా ఈ జాబేమిటని నవ్వుకుంటావు. హాస్టలు సెలవుల్లో ఒకే ఊళ్లో ఉండి కూడా జాబులు రాసుకున్నవాళ్లం మనం. నువ్వు కాలనీలో, నేను మిద్దెలో, మధ్యన మా మిద్దెకు పనికొచ్చే చెన్నమ్మ కొంగులో ముడేసుకుని మోసేది. ఆ అలవాటు నాకింకా పోలేదు. అసలు మాటలు కాగితం మీదైతేనే వస్తాయి.

ఇక్కడ ఎండలప్పుడే ముదిరాయి. నాయన నా పేరున రాసిచ్చిన చీనీ తోట చూస్తే ఏడుపొస్తుంది. ఉన్న బోరు ఎండింది. మా అన్న విజయభాస్కర్ ఇంకోటి వేయించాడు, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ట్యాంకరు నీళ్లు చెట్టుకింత పోస్తున్నాం, పసిబిడ్డకు ఉగ్గు పెట్టినట్టు. పిందె నిమ్మకాయంత కూడా కాకముందే రాలుతోంది. ఈ ఎండాకాలం గట్టెక్కకపోతే తోట కొట్టేయాల్సిందే అంటున్నాడు అన్న. మా ఆయన చనిపోయాక నాకంటూ మిగిలింది ఆ చెట్లే కదా.

సరే, అసలు సంగతి. దేవుడి గది సర్దుతుంటే పసుపు కుంకుమలు పెట్టే పింగాణీ సాసర్లు చేతికొచ్చాయి. ఆరూ ఉన్నాయి. వాటి కప్పులు గుర్తున్నాయా నీకు? వజ్రాలు వెతకడానికి వజ్రకరూరు వచ్చిన ఇటలీ దొర మా మిద్దెలో కొన్నాళ్లుండి, పోతూ పోతూ మా తాతకు ఇచ్చిపోయినవి. దొర కప్పులో మూతి పెట్టి తాగాడు. ఇత్తడైతే చింతపండు పెట్టి తోముతాం, పింగాణీకి మైల ఎట్లా పోతుందని మా జేజి కప్పులన్నీ గొడ్లకొట్టం గూట్లో పెట్టించింది. మనమైతే సాసర్లో పోసుకుని తాగుతాం, దొర అట్లా తాగలేదు కాబట్టి సాసర్లకు మూతి తగల్లేదని తీర్పు చెప్పి వాటిని దేవుడి గదిలోకి తెచ్చుకుంది. మా జేజి న్యాయం అట్లాంటిది.

కొట్టంలో పనివాళ్లకు ఆ కప్పుల్లో కాఫీలు పోయడం మానేసినప్పుడు ఎవరి కప్పు వాళ్లు తీసుకుపొమ్మన్నాడు నాయన. మీ అమ్మ చౌడమ్మ కప్పు ఇప్పుడు నీ దగ్గరుందని చెన్నమ్మ చెప్పింది. అది నాకిస్తావా జాయ్? సాసరూ కప్పూ ఒకచోట చూసుకోవాలని ఆశగా ఉంది. మీ అమ్మ చేతుల్లో పెరిగినదాన్ని నేను. పొద్దున్నే ఆ కప్పులో కాఫీ తాగితే ఆమె పక్కన కూర్చున్నట్టుంటుంది. అంతకు మించి ఏమీ లేదు.

పోయిన నెల వచ్చినప్పుడు నా నీళ్లసీసా మీ ఇంట్లో మరిచిపోయాను. ఉంచు, మళ్లీ వచ్చినప్పుడు తీసుకుంటాను.

నీ
సునంద

*

అనంతపురం,
మార్చి మూడోవారం

ఏమే సునందా,

నీ జాబు డ్యూటీలో చదివాను. చదివి బాత్రూములోకి పోయి ముఖం కడుక్కుని వచ్చాను. పక్క నర్సు పుష్పావతి ఎవరు పోయారక్కా అని అడిగింది. ఎవరూ పోలేదు, ఒకరు తిరిగొచ్చినారు అన్నాను. ఆమెకేం అర్థమవుతుంది.

నువ్వేం అడిగావో నీకు తెలుసా? మా అమ్మ మూతి పెట్టిన కప్పులో కాఫీ తాగుతానన్నావు. ఎంత తేలిగ్గా రాశావే. మీ జేజి బతికుంటే ఆ జాబు పట్టుకుని సున్నిపిండితో నీ చేతులు కడిగించేది. నేను ఆ ఒక్క వాక్యం మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ఒకే ఊళ్లో ఉండి జాబులు ఎందుకు రాసుకునేవాళ్లమో నువ్వు మరిచిపోయినట్టున్నావు. నేను మీ గడప దాటకూడదు కాబట్టి రాసుకునేవాళ్లం. పోనీలే, ఇప్పుడు ఆ కప్పు దాటుతుంది.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్పనా? కప్పు అడుగున నీలం రంగు కిరీటం ఉంటుంది, దాని కింద ఒక ఇంగ్లీషు అక్షరం. కప్పులు మీరెప్పుడూ పట్టుకోలేదు కాబట్టి చూసుండవు. నేను కొట్టంలో మా అమ్మకెదురుగా చతికిలబడి కూర్చునేదాన్ని. మీ అమ్మ చెంబు ఎత్తిపట్టి పైనుంచి కాఫీ పోసేది, చెంబు కప్పుకు తగలకుండా. అమ్మ తాగడానికి కప్పెత్తినప్పుడల్లా నా కళ్లకు కిరీటం కనబడేది. అమ్మ రాణెమ్మ కాకపోతే ఇట్లాంటి కప్పు ఎందుకిస్తారు అనుకునేదాన్ని. అంత తెలివి నాది. సాసర్ల కింద కూడా కిరీటం ఉందేమో తిప్పి చూడు.

కప్పు పంపుతున్నాను. చెన్నమ్మ కంటి చూపు చూపించుకోవడానికి మా ఆసుపత్రికి వచ్చింది. డ్రెస్సింగు దూది చుట్టి అట్టపెట్టెలో పెట్టి ఆమె చేతికిచ్చాను. పిడికి ఎర్రదారం చుట్టి ఉంటుంది, విప్పొద్దు. ఒకరి కప్పు ఒకరికి మారకుండా అమ్మ తన గుర్తుగా చుట్టుకున్నది. చెన్నమ్మ ఇంకో మాట చెప్పింది. నువ్వు కాలనీలో అందరి కప్పులూ తీసుకుని కొత్త స్టీలు గ్లాసులు ఇచ్చావంట కదా. "సునందమ్మ గుజిరీ యాపారం మొదలుపెట్టినట్టుండాది, పాత కప్పుకు కొత్త గ్లాసు" అని నవ్వింది. నాకు మాత్రం నీ ఎత్తు తెలిసిపోయింది. అన్నీ లోపలికి తెచ్చి సాసర్ల మీద పెట్టాలనే కదా? ముందే చెప్పడానికి నీకు సిగ్గు. అట్లాంటి మంచిపనికి సిగ్గెందుకే పిచ్చిదానా.

ఏప్రిల్ చివర్లో అమ్మ జ్ఞాపకార్థ కూడిక ఈసారి మన ఊళ్లోనే పెట్టుకుంటాను. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక మీ ఇంట్లో, మీ పడసాలలో, అందరం ఆ కప్పుల్లోనే కాఫీ తాగుదాం. నువ్వే పోయాలి. పైనుంచి కాదు, దగ్గరగా.

నీ సీసా గూట్లో భద్రంగా ఉంది. మా నీళ్లలో ఫ్లోరైడుంటుందని మోసుకొస్తావు కదా, మేం తాగేది కూడా క్యాను నీళ్లే మహాతల్లీ, దాంట్లో యాడిది ఫ్లోరైడు?

జాయ్

*

గుట్టకిందపల్లి,
ఏప్రిల్ మొదటివారం

ప్రియమైన జాయ్‌కి,

కప్పు క్షేమంగా అందింది. దూదిలో ఎంత పదిలంగా చుట్టావు. చాలా సంతోషం. నీ మంచి మనసు అందరికీ ఉండదు.

నువ్వు చెప్పినట్టే సాసర్లు తిప్పి చూశాను. వాటి కింద కూడా కిరీటం ఉంది. మా అన్న కూతురి స్నేహితురాలొకామె బెంగుళూరు నుంచి వచ్చింది, పాత పింగాణీ గురించి చదువుకున్న పిల్ల. ఇటలీలో నేపుల్స్ అనే ఊరి రాజు తన సొంతానికి పెట్టించుకున్న కార్ఖానాలో చేసినవంట ఇవి. ఆ అక్షరం ఊరి పేరు, కిరీటం రాజుది. రెండు వందల ఏళ్లకు పైమాటే అంటోంది. కప్పు మీద నీలం కొండలూ చిన్న పడవా చేత్తో వేసినవంట. ఆ పడవను చూసి గుట్టకిందపల్లిలో ఎవరైనా పడవ ఎక్కారా అని నవ్వింది. నేనూ నవ్వాను.

కూడిక సంగతి. ఏప్రిల్ చివర్లో అంటే కష్టం జాయ్. ఇంటికి సున్నం వేయిస్తున్నాం. వదినకు ఒంట్లో బాగుండటం లేదు. పడసాలంతా సామాన్లే. అనంతపురంలోనే మీ చర్చిలో పెట్టుకుంటే నీకూ శ్రమ ఉండదు, మోకాళ్ల నొప్పితో ఇంతదూరం ఎందుకు. నేను వీలైతే వస్తాను. కాఫీ మరోసారి తాగుదాం. ఎక్కడికి పోతాం?

తోట అట్లానే ఉంది. అన్న ఏదో ప్రయత్నం చేస్తున్నాడు.

ఇట్లు
సునంద

*

అనంతపురం,
ఏప్రిల్ మూడోవారం

సునందకు,

నీ జాబు మొదట్లో "ప్రియమైన" అని, చివర్లో "ఇట్లు" అని ఉంది. డీఈవో ఆఫీసుకు అర్జీ పెట్టినట్టుంది. అప్పుడే నాకు ఏదో తేడా కొట్టింది. ఇంట్లో గొడవలేమో, వదినకు నిజంగా బాగాలేదేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నిన్న మధ్యాహ్నం అన్నం తింటూ ఫోను చూస్తున్నాను. మీ అన్న వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. ఎర్ర పట్టుబట్ట మీద ఆరు సాసర్లు, ఆరు కప్పులు. కింద రాత, "మా వంశపు ఆస్తి. త్వరలో బెంగుళూరు వేలంలో. చీనీ తోటకు మంచిరోజులు." చేతులు జోడించిన బొమ్మలు మూడు.

వంశపు ఆస్తి అంట. గొడ్లకొట్టంలో చౌడమ్మ మూతి, చెన్నమ్మ మూతి, లింగప్ప నాయన మూతి తగిలిన కప్పులు మీ వంశంలోకి ఎప్పుడొచ్చాయి? ధర తెలిసిన రోజా?

మా అమ్మ కప్పు ఏదో ఫోటోలో కూడా నాకు తెలిసింది. అంచు మీది బంగారు గీత ఒక్కచోట అరిగిపోయి ఉంటుంది. కానీ పిడికి దారం లేదు. విప్పొద్దని చెప్పాను కదా. అంత చిన్న మాట కూడా నీకు పట్టలేదా?

నాకు కోపం కంటే సిగ్గుగా ఉంది. నా మీద నాకే. ఒక వాక్యానికి పడిపోయాను. మీ అమ్మ పక్కన కూర్చున్నట్టుంటుంది అని రాస్తే ఎంత మురిసిపోయాను. వార్డంతా చెప్పుకున్నాను. మా చర్చిలో ఆడవాళ్ల కూటంలో సాక్ష్యం కూడా చెప్పాను, ఇన్నేళ్లకు ఒక ఇంటి గడప వంగిందని. వాళ్లందరికీ ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని కనబడాల? పుష్పావతి ఆ స్టేటస్ చూసి, ఇవేనా అక్కా ఆ కప్పులు అని అడిగింది. కావు అని అబద్ధం చెప్పాను. నీకోసం కాదు, నాకోసం.

తోట ఎండిపోతోందని నేరుగా అడిగి ఉంటే ఇవ్వనా? మీ చెట్లకు పాదులు తీసింది కూడా మా అమ్మే. జాయ్, ఇది అమ్మితే బోరు పడుతుందేమో అనుంటే కప్పు కాదు, చెవి కమ్మలు తీసిచ్చేదాన్ని. ఫోనులో అడిగితే నీ గొంతు నేను పట్టేస్తానని జాబు రాశావు. నాకు ఇప్పుడర్థమవుతోంది.

కప్పు వెనక్కి అడగను. ఒక్కటే అడుగుతున్నాను. నువ్వు నీ చేత్తో రాశావు, ఆ కప్పులో కాఫీ తాగుతానని. తాగు. ఒక్కసారి తాగి, తర్వాత బెంగుళూరుకు పంపుకో. నువ్వు రాసినదాంట్లో అదొక్కటన్నా నిజం కావాలి నాకు.

జాయ్

*

గుట్టకిందపల్లి,
మే రెండోవారం

జాయ్,

నీ జాబు వచ్చి చాలా రోజులైంది. రాయడానికి కూర్చుంటే చేయి రాలేదు. నీ ముందు నిలబడితే తలెత్తలేను, కాగితం మీదైనా ఎత్తలేకపోతున్నాను. నువ్వు చింపేస్తావేమో, చింపే ముందు చదువు.

నీకు రాసిన మొదటి జాబు అబద్ధమే. సాసర్ల సంగతి నాకు అప్పటికే తెలుసు. బెంగుళూరు పిల్ల ఫిబ్రవరిలోనే వచ్చింది. పసుపు అంటిన సాసరు తిప్పి చూసి, ఉత్త సాసర్లకు పెద్ద విలువ ఉండదు, కప్పులుంటే మాత్రం మీ తోటకు కరువుండదు అంది. కప్పులెక్కడున్నాయో అన్నకు తెలుసు. తను అడిగితే కాలనీవాళ్లకు అనుమానం వస్తుంది, నువ్వు వాళ్ల పిల్లలకు చదువు చెప్పిన టీచరమ్మవు, నీకైతే కాదనరు అన్నాడు. పోయాను. మెరిసే స్టీలు గ్లాసులు సంచిలో వేసుకుని ఇంటింటికీ పోయాను. లింగప్ప భార్య కప్పులోని మందుబిళ్లలు అరచేతిలో పోసుకుని, కప్పు కడిగి, కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది. చెన్నమ్మ, "మీకు పనికొస్తాదంటే ఎందుకియ్యం సునందమ్మా" అంది. ఎర్రన్న ఇంట్లో నాకు కుర్చీ వేశారు. అప్పుడు నాకేమీ అనిపించలేదు. తోట తప్ప ఏదీ కనబడలేదు. దారం కూడా నేనే విప్పాను. వేలంవాళ్లు శుభ్రంగా ఉండాలన్నారని.

నీ జాబు వచ్చాక మరుసటి రోజు పొద్దున అన్న తోటకు పోయినప్పుడు డికాక్షను తీసి కాఫీ కలిపాను. మీ అమ్మ కప్పులో పోశాను. పడసాలలో కూర్చున్నాను. నువ్వు అడిగింది ఎంత చిన్న పని. నేను బడిలో ప్రతి ఏడాదీ అంటరానితనం గురించి ఉపన్యాసం ఇస్తాను. పిల్లలతో ప్రతిజ్ఞ చేయిస్తాను. కప్పు మూతి దగ్గరికి తెచ్చాను. బంగారు గీత అరిగినచోటు నా పెదవికెదురుగా వచ్చింది. మీ అమ్మ పెదవి ఆనినచోటు. నా చేయి ఆగిపోయింది జాయ్.

కప్పు అటువైపు తిప్పాను. అటువైపు గీత అరగలేదు. అయినా చేయి ముందుకు రాలేదు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసిన మనిషి. ఆమె చేయి పనికొచ్చింది, ఆమె మూతి పనికిరాలేదు. నాకు చదువుంది, బుద్ధుంది, నేను మా జేజిలాంటిదాన్ని కాదు అనుకుంటూ బతికాను. జేజి చచ్చిపోయి ఎక్కడికీ పోలేదు, నా గొంతులో కూర్చుని ఉంది. కాఫీ చల్లారి మీగడ కట్టింది. తీసుకుపోయి తూములో పోశాను. ఎవరూ చూడలేదు. అయినా ఇంట్లో ఎవరి ముఖమూ చూడలేక మధ్యాహ్నం దాకా తోటలో కూర్చున్నాను.

నువ్వడిగిన ఆ ఒక్క నిజం కూడా నీకు ఇవ్వలేకపోయాను. ఇది నీకు రాయకుండా దాచేద్దామనుకున్నాను. తాగాను అని రాస్తే నువ్వు నమ్మేదానివి. ఇక నీకు అబద్ధం రాయలేను.

అన్న ఊళ్లో లేని రోజు చూసి కప్పులు, సాసర్లు ఒక బుట్టలో పెట్టుకుని కాలనీకి పోయాను. లింగప్ప, ఎర్రన్న, చెన్నమ్మ, మిగిలినవాళ్లు లింగప్ప రేకుల పంచ కింద చేరారు. అంతా చెప్పాను. రాజు కార్ఖానా సంగతి, వేలం సంగతి, గ్లాసులిచ్చి మోసం చేసిన సంగతి. సాసర్లు కూడా మీవే, కప్పులతో పాటు అవీ మీ దగ్గరే ఉండాలి, ఉంచుకున్నా అమ్ముకున్నా మీ ఇష్టం అన్నాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. లింగప్ప కప్పు తిప్పి కిరీటం చూసి చాలాసేపు నవ్వాడు. "తొలకరి వానకు వజ్రాలు దొరుకుతాయని చేనుచేనూ గాలిస్తిమి. ఇంట్లో ఉండేదాంట్లో బీపీ బిళ్లలు పోసుకుంటిమి" అన్నాడు. ఎర్రన్న మాత్రం నవ్వలేదు. "మీ తోట ఎండుతాండాదని చెప్పింటే ఇచ్చిందుముగా అమ్మా. ఉత్తపుణ్యానికి అబద్ధమెందుకాడితిరి" అన్నాడు. నీ మాటే.

చెన్నమ్మ లోపలికి పోయి కాఫీ తెచ్చింది. ఆ కప్పుల్లోనే, సాసర్ల మీద పెట్టి, ఒక్కొక్కరికీ ఇచ్చింది. సాసరుతో సహా ఆ కప్పుల్లో తాగింది ఈ ఊళ్లో దొర తర్వాత వాళ్లే. నా దగ్గరికి వచ్చేసరికి స్టీలు గ్లాసు ఇచ్చింది. నాకూ కప్పులోనే ఇవ్వు చెన్నమ్మా అన్నాను. ఆమె నా చేయి మెల్లగా తట్టింది.

"వద్దులే సునందమ్మా, మీకు పడదు. ఇది మీరిచ్చిన కొత్తదే. మేమెవరమూ మూతి పెట్టలేదు, మీరొస్తే ఇయ్యాలని ఎత్తిపెట్టినా."

ఎగతాళి కాదు జాయ్. ఆమె ముఖంలో అట్లాంటిదేమీ లేదు. నా మీద దయతో అంది. నాకు తల కొట్టేసినట్టయింది. అందరూ కప్పుల్లో తాగుతున్నారు, నా ఒక్కదానికే వేరే గ్లాసు. అడుగు దాకా తాగాను. గ్లాసు ఇలా ఇవ్వమని చెన్నమ్మ చేయి చాపింది. ఇవ్వలేదు. తొట్టి దగ్గరికి పోయి నేనే కడిగి, కొట్టంలో మీ అమ్మ వాళ్లు పెట్టినట్టు బోర్లించి వచ్చాను.

అన్న నాతో మాట్లాడటం లేదు. సాసర్లు ఇంటివి, నీ సొత్తా పంచిపెట్టడానికి అన్నాడు. కాలనీవాళ్లు అమ్మాలో వద్దో కూర్చుని మాట్లాడుకుంటున్నారు. వాళ్లు ఏం చేసినా నేనడగను. తోటలో ఒకవైపు చెట్లు కొట్టించేశాను. మిగిలినవాటికి ట్యాంకరు తోలిస్తున్నాను. బతికినన్ని బతుకుతాయి.

మీ అమ్మ కప్పు, దాని సాసరు నీ దూదిలోనే చుట్టి చెన్నమ్మతో పంపుతున్నాను. దారం పారేశాను. కొత్తది చుడదామని తెచ్చాను కానీ చుట్టలేదు. అది నేను చుట్టాల్సింది కాదు.

క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. దాచిందేమీ లేదిక, అన్నీ రాసేశాను.

సునంద

*

అనంతపురం,
జూన్ మొదటివారం

సునందా,

కప్పు వచ్చింది. సాసరు కూడా. సాసరు అంచుకు మీ ఇంటి పసుపు ఇంకా అంటుకుని ఉంది, ఎంత రుద్దినా పోలేదు. ఉండనిచ్చాను. అమ్మ కప్పుకు మళ్లీ దారం చుట్టలేదు. ఎవరి కప్పుతో కలిసిపోతుందని చుట్టాల?

నీ జాబు రెండు రోజులు పర్సులో పెట్టుకుని తిరిగాను. నిన్ను క్షమించానని రాద్దామని కూర్చుంటే కలం కదల్లేదు. కాబట్టి అది రాయను. తాగలేకపోయానని రాసిన చోట మాత్రం ఆగిపోయాను. కోపంతోనే మొదలుపెట్టాను, చివరికి ఏడ్చాను. తాగానని నువ్వు రాసి ఉంటే నేను నమ్మేదాన్ని, నిజమే. నమ్మి, నిన్ను నెత్తిన పెట్టుకునేదాన్ని. ఇన్నేళ్లలో నువ్వు నాకు రాసిన మొదటి జాబు ఇదేనేమో అనిపించింది.

చెన్నమ్మ మీద మనసులో ఏమీ పెట్టుకోకు. ఆమెకు తెలిసిన మర్యాద అది. మీరు నేర్పిందే.

అమ్మ జ్ఞాపకార్థ కూడిక వాయిదా వేశాను. జూన్ ఆఖరి ఆదివారం మా ఇంట్లోనే పెట్టుకుంటున్నాను. పుష్పావతికి నిజం చెప్పేశాను, ఆమె కూడా వస్తోంది. నిన్ను చూడాలని ఉందో లేదో నాకే తెలియదు. అయినా రా. కాఫీ ఇవ్వనులే, భయపడకు. ఎండన పడి వస్తావు, నీళ్లిస్తాను.

అన్నీ రాసేశానన్నావు. ఒక్కటి రాయలేదు. నువ్వు మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ తెచ్చుకునేది ఆ జాబులో ఎక్కడుందా అని రెండుసార్లు వెతికాను.

నీ సీసా మా గూట్లోనే ఉండాది సునందా. సగం నీళ్లు అట్లనే ఉండాయి. మేమెవరమూ మూతి పెట్టలేదు.

జాయ్